టిష్యూ ప్యాకెట్లు కూర్చున్న కుర్చీలు

మా కాండోలో, అంటే మేముండే అపార్ట్‌మెంట్ల సముదాయంలో, చెత్త గది పక్కనున్న కొళాయి తిప్పితే ముందు గాలి వస్తుంది. గొంతులో మెతుకు అడ్డం పడ్డ మనిషిలా కాసేపు గురగురమని, తరువాత నీళ్ళు ఒక్కసారిగా దూకుతాయి. ఖాళీ క్యాను అడుగున పడ్డప్పుడు ఆ చప్పుడు మొరటుగా ఉంటుంది. క్యాను నిండుతున్నకొద్దీ సన్నబడుతుంది. పొద్దున్నే చెత్త సంచి పట్టుకుని కిందికి దిగినప్పుడల్లా నాకు ఆ చప్పుడు వినిపిస్తుంది. తోటపని చేసేవాళ్ళో, ఊడ్చేవాళ్ళో ఎవరో ఒకరు వంగి నీళ్ళు పట్టుకుంటూ ఉంటారు. నీళ్ళ చప్పుడు వింటే ఎవరికైనా ప్రాణం చల్లబడాలి. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ కొళాయిని మొన్న మళ్ళీ మూసెయ్యాలని చూశారు. మూయలేకపోయారనుకోండి, ఆ సంగతి చివర్లో చెబుతాను. ఇది తెరుచుకోవడానికి ఒక మనిషి రెండేళ్ళు తిరిగింది. ఆ మనిషి పేరు ఇప్పుడు ఎవరి నోటా రాదు. వచ్చినా, ఆమె చేసిన పని తాము చేసినట్టు చెప్పుకోవడానికే వస్తుంది. ఆమె పేరు రుక్మిణి. నేను అక్కా అని పిలిచేదాన్ని. మీరు ఆమెను చూడలేదు కాబట్టి, చూసిన నేను చెప్పాలి.

నేను కోనసీమ నుంచి ఇంటిపనికి సముద్రం దాటి ఈ ఊరు వచ్చినదాన్ని. మూడో తరగతితో నా చదువు అయిపోయింది. రుక్మిణి అక్క వాళ్ళ ముసలి అమ్మని చూసుకోవడానికి నన్ను తీసుకున్నారు. అక్క తాతగారు ఎప్పుడో విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వచ్చారట. అందుకని అక్క తెలుగులో అరవం, మలయు కలగలిసి ఉండేవి, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' అని తగిలించేది. పెళ్ళి చేసుకోలేదు. నీళ్ళ ఆఫీసులో, జనం ఫిర్యాదులు చెప్పుకునే కౌంటర్ వెనక ఉద్యోగం మొత్తం గడిపి రిటైరయ్యింది. పొట్టి మనిషి. జుట్టు మగవాళ్ళంత పొట్టిగా కత్తిరించుకునేది. నవ్వితే మాత్రం పక్క బ్లాకుదాకా వినిపించేది.

నేను వచ్చిన మొదటి రోజుల్లో ఒక మధ్యాహ్నం వంటగదిలో గట్టుకి ఆనుకుని నిలబడి అన్నం తింటున్నాను. అక్క నీళ్ళ కోసం వచ్చి చూసింది.

"సత్యా, ఏంటలా నిలబడి మకాన్ చేస్తున్నావు? బస్సు పోతుందా?"

"పర్లేదండి అమ్మగారూ, నాకిలా అలవాటే."

"అమ్మగారు ఎవరు? ఆవిడ లోపల పడుకునుంది. నన్ను అక్కా అను. వచ్చి కుర్చీలో కూర్చో." నేను మొహమాటపడుతుంటే తనే కుర్చీ లాగింది. "విను. అన్నేళ్ళు కౌంటర్లో కూర్చున్నాను కదా, నాకు ఒకటి తెలుసు. నిలబడి అడిగేవాళ్ళని ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాం. 'సరే, చూస్తాంలే' అంటే వెళ్ళిపోతారు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నవాళ్ళని మాత్రం పంపలేం. వాళ్ళ పని అయ్యేదాకా మాకు టీ తాగబుద్ధి కాదు. అందుకని ఎక్కడికి పోయినా ముందు కూర్చో."

ఆరోజు నాకు అది తమాషా మాటగానే అనిపించింది. కూర్చుని తినడానికీ నెలలు పట్టింది. కుర్చీ అంచున, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చునేదాన్ని. అక్క నా వెనక నుంచి వెళుతూ భుజం మీద వేలితో పొడిచి "నిండా కూర్చో" అనేది. ముసలమ్మ పోయాక కూడా నన్ను పంపెయ్యలేదు. "నాకూ ముసలితనం వస్తుందిలే, ఇప్పటినుంచే ప్రాక్టీస్ చెయ్" అని ఉంచేసుకుంది.

ఇక కొళాయి సంగతి. మా కాండోలో చెట్లు కత్తిరించడానికి, గడ్డి కోయడానికి క్రాంజీలోని కూలీల డార్మిటరీ నుంచి లారీలో మనుషుల్ని తీసుకొచ్చేవారు. వాళ్ళలో మల్లయ్య అని జగిత్యాల వైపు మనిషి ఒకడుండేవాడు. తెలుగు వినిపిస్తే చాలు, కత్తెర పక్కన పెట్టి నవ్వేవాడు. చెత్త గది పక్కన ఆ కొళాయి దగ్గరే వాళ్ళంతా మొహాలు కడుక్కుని, సీసాలు నింపుకుని, మెట్ల కింద నీడలో తెచ్చుకున్న అన్నం తినేవాళ్ళు. ఒకరోజు చూస్తే కొళాయికి తాళం. తిప్పే పిడి మీద ఇనుప డబ్బా బిగించి తాళం వేసేశారు.

"గిదేందక్కా, నల్లాకు తాళమేసిండ్రు?" అన్నాడు మల్లయ్య. "మేమేమన్న ఎత్కపోతమా?"

"ఆఫీసులో అడిగావా?" అన్నాను నేను.

"అడిగినం. నీళ్ళు ఇంటికాణ్ణుంచి తెచ్చుకోండ్రి అన్నరు. తెస్తున్నం అక్కా. పగటీలికే ఒడుస్తున్నయి. గీ ఎండల ఒక్క సీస యాడ సరిపోతది?"

రోడ్డు దాటితే కాఫీ షాపు ఉంది. కానీ పని మధ్యలో గేటు దాటితే సూపర్‌వైజర్ ఊరుకోడు. అలా కొన్ని వారాలు నడిచింది. ఒక మధ్యాహ్నం నేనూ అక్కా మార్కెట్ నుంచి వస్తుంటే ఈత కొలను వెనక కంచె మొక్కల్లో రెండు కాళ్ళు కనిపించాయి. మల్లయ్య. బోర్లా పడిపోయి ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, చెమట లేదు. అక్క సంచిలో ఉన్న కొబ్బరి నీళ్ళ డబ్బా విప్పి మెడ మీద పోసింది, నేను చున్నీ తడిపి మొహం మీద వేశాను. అంబులెన్స్ వచ్చేలోగా నేను పరుగెత్తి ఆ కొళాయి దగ్గరికే వెళ్ళాను. చెయ్యి అలవాటుగా అటు పోయింది. తాళం చేతికి తగిలింది. పది అడుగుల అవతల కొలను నిండా నీలం నీళ్ళు. అందులో ఒక పిల్లాడు గాలి బాతు మీద తేలుతున్నాడు. ఆ క్షణం నాకు వచ్చిన కోపం ఇప్పటికీ నాలోంచి పూర్తిగా దిగలేదు. చివరికి ఆ కొలను నీళ్ళే చెప్పు తీసి చెప్పుతో తోడి తెచ్చాను.

మల్లయ్య బతికాడు. ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. అక్క ఆఫీసుకి వెళ్ళి, మేనేజర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను మంచిగానే మాట్లాడాడు. తన చేతిలో లేదన్నాడు. కౌన్సిల్ నిర్ణయం అన్నాడు. ఈ ఊళ్ళో ఇలాంటి కాండోల్లో ఇళ్ళ యజమానులే ఏడాదికోసారి కూర్చుని ఒక కౌన్సిల్‌ని ఎన్నుకుంటారు. నీళ్ళ ట్యాంకులు, పంపులు, కరెంటు, లిఫ్టులు, అన్నీ ఆ కౌన్సిల్ చేతిలోనే ఉంటాయి. కొళాయికి తాళం వేయించింది దాని చైర్మన్. పనివాళ్ళు అక్కడ బనియన్లతో కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళకి బాగుండదట.

ఆ సాయంత్రం అక్కతో పాటు రిటైరైన స్నేహితురాలు ఒకామె ఫోన్ చేసింది. ఓడ షికారుకి వెళదాం, టికెట్లు తీసేస్తాను అని. అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టి చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నేను రాను లా. నేను కౌన్సిల్‌కి నిలబడుతున్నాను."

"నీకేమైనా పిచ్చా రుక్కూ? రిటైరయ్యింది ఎందుకు? జీతం లేని పని, పైగా తిట్లు."

"జీతం తీసుకుని అన్నేళ్ళు ఊరందరి నీళ్ళ గోల విన్నాను. నా ఇంటి కిందే ఒకడు నీళ్ళు లేక పడిపోతే నేను ఓడెక్కి సముద్రం చూస్తూ కూర్చోవాలా?" అంది అక్క. ఆ తరువాత ఒలిచిన గింజలు నా వైపు జరిపి, "సత్యా, రేపు గారెలకి పప్పు నానబెట్టు. మనవాళ్ళని పిలుద్దాం" అంది.

మనవాళ్ళు. ఆ మాట దగ్గరే నాకు కడుపు రగులుతుంది. మా కాండోలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. బ్యాంకుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు. వాళ్ళందరికీ ముందుండేవారు ప్రసాద్ గారు. మంచి మాటకారి. ఆయన, ఆయన భార్య మాధవి గారు, మిగతావాళ్ళు ఆ శనివారం మా హాల్లో కూర్చుని నా చేత్తో వేసిన గారెలు అల్లప్పచ్చడితో తిన్నారు. అక్క మల్లయ్య సంగతి చెప్పింది. మాధవి గారు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"ఆంటీ, మీరు నామినేషన్ వెయ్యండి చాలు. మిగతాది మాకొదిలెయ్యండి," అన్నారు ప్రసాద్ గారు, ఇంకో గారె అందుకుంటూ. "మనవాళ్ళ ఓట్లే గెలిపిస్తాయి. కన్‌ఫర్మ్. చైర్మన్‌కి చుక్కలు చూపిద్దాం."

"అందరూ వస్తారు కదా ప్రసాద్?"

"అయ్యో, అలా అడుగుతారేంటి ఆంటీ! మీరు మా అమ్మలాంటివారు."

సభ ఒక ఆదివారం పొద్దున, కిందనున్న ఫంక్షన్ రూములో. అదే ఆదివారం మనవాళ్ళ కార్తీక వనభోజనాలు, సముద్రం ఒడ్డున పార్కులో. రెండూ ఒకే రోజని తెలిసినప్పటినుంచి అక్కకి నిద్ర సరిగా లేదు. ఆరోజు పొద్దున్నే మేమిద్దరం కిందికి వెళ్ళేసరికి ప్రసాద్ గారు నిక్కరు, టోపీతో అక్కడే ఉన్నారు. పక్కన ఐసు పెట్టె. చేతిలో పెద్ద సంచి. సంచిలోంచి టిష్యూ ప్యాకెట్లు తీసి ముందు వరుసల్లో కుర్చీ కుర్చీకీ ఒకటి చొప్పున పెడుతున్నారు.

ఇక్కడ ఉండనివాళ్ళకి ఇది చెప్పాలి. ఈ ఊళ్ళో హాకర్ సెంటర్‌కి, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాలుకి, వెళితే ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, తరువాత అన్నం తెచ్చుకోవడానికి వరుసలో నిలబడతారు. ఆ ప్యాకెట్ ఉంటే ఆ చోటు ఇంకొకరు ముట్టుకోరు. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. మంచి పద్ధతే. అన్నం దగ్గర.

"ఆంటీ, సీట్లన్నీ చోప్ చేసేశాను," అన్నారు ప్రసాద్ గారు గర్వంగా. "పార్కులో స్పాట్ చూసుకుని, పిల్లల్ని దింపేసి, అందరం వచ్చేస్తాం."

"ఇప్పుడు పోతే టైముకి ఎలా వస్తారు?"

"కోరం లేకుండా వాళ్ళు ఎలా మొదలుపెడతారు ఆంటీ? మనం లేకపోతే జనం చాలరు. మనం వచ్చేదాకా ఆగాల్సిందే."

"ప్రసాద్, ఇక్కడ అలా లేదు. అరగంట చూస్తారు. ఆ తరువాత ఎవరున్నారో వాళ్ళే కోరం. రూల్ అదే. నేను చదివాను."

"నాకు తెలీదా ఆంటీ! మా మియాపూర్ అపార్ట్‌మెంట్లో కోరం లేక ఏడాదంతా వాయిదాలే. సెక్రటరీ ఇళ్ళకొచ్చి బతిమాలుకునేవాడు. మీరు టెన్షన్ పడకండి. చైర్మన్ మన కుర్చీలు చూస్తేనే సగం భయపడతాడు." ఐసు పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు.

నన్ను వెనక కాఫీ బల్ల దగ్గర ఉండనిచ్చారు. అక్క ముందు వరుసలో, చుట్టూ టిష్యూ ప్యాకెట్ల మధ్య ఒక్కతే కూర్చుంది. ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతిలో మడిచిన కాగితం మీద మాట్లాడాల్సిన నాలుగు మాటలు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మెడ తిప్పేది. వచ్చినవాళ్ళలో మనవాళ్ళు లేరు. గోడ గడియారం కింద మేనేజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరగంట అయింది. చైర్మన్ మైకు ముందుకొచ్చి ఖాళీ కుర్చీల వైపు చూసి, "వా! ఈరోజు టిష్యూ పేపర్లు కూడా ఓటు వెయ్యడానికి వచ్చాయి లా!" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా మర్యాదకి నవ్వబోయింది. ఆ పెదవులు అలా వంకరపోవడం నేను వెనక నుంచి, పక్కవాటంగా చూశాను. దాన్ని మరిచిపోయే శక్తి నాకు లేదు.

మేనేజర్ పెన్ను చూపిస్తూ వరసల వెంట నడిచాడు. మనుషుల్ని లెక్కపెట్టాడు. ప్యాకెట్లు ఉన్న కుర్చీల దగ్గర ఆగనైనా ఆగలేదు. అక్క లేచి మల్లయ్య సంగతి చెప్పింది. విన్నారు. ఓటు పెట్టారు. ఉన్న స్థానాల కంటే ఒక మనిషి ఎక్కువ నిలబడ్డారు. ఆ ఎక్కువైన మనిషి మా అక్క. ఒక్క వరుస కుర్చీల్లో మనుషులుంటే గెలిచేది.

అందరూ వెళ్ళిపోయాక నేను ఏడుస్తూ కప్పులు సర్దుతుంటే అక్క కుర్చీల మధ్య తిరుగుతూ ఆ ప్యాకెట్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంటోంది. అప్పుడు ప్రసాద్ గారి ఫోన్ వచ్చింది. అయిపోయిందా ఆంటీ, అప్పుడేనా, పార్కింగ్ దొరకలేదు, పొయ్యి అంటుకోవడం ఆలస్యమైంది, వచ్చే ఏడాది పక్కా. సాయంత్రం మాధవి గారు మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టుకుని వచ్చారు. కాసేపు అయ్యో అయ్యో అన్నారు. ఇక లేస్తారనగా గొంతు తగ్గించి, "ఒక రకంగా మంచిదేలెండి ఆంటీ. నిజం చెప్పాలంటే వాళ్ళు బనియన్లతో అక్కడ నీళ్ళు పోసుకుంటుంటే మా పాప అటువైపు నడవడానికి ఇబ్బంది పడేది" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. కోరం సంగతి వాళ్ళకి తెలియకపోవడం నిజమే కావచ్చు. కానీ అక్క నోటితో చెప్పినా వినబడకపోవడం ఎలా జరిగింది? వినకూడదని ఉంటేనే అలా వినబడదు. గారెలు తింటూ కళ్ళు తుడుచుకున్న మనిషే, వనభోజనాల నుంచి వచ్చి, కొళాయి మూసి ఉంటేనే నయం అంటోంది. చెప్పొద్దూ, ఆ డబ్బా విసిరికొట్టాలనిపించింది.

మాధవి గారు లేచినప్పుడు అక్క సంచిలోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి రెండు చేతులతో ఆమె చేతిలో పెట్టింది. "మీదే, తీసుకోండి."

తలుపు వేశాక నేను అరిచాను. నా జీవితంలో యజమాని ఇంట్లో గొంతు పెంచింది అప్పుడే. "ఆ డబ్బా ఎందుకు పుచ్చుకున్నారక్కా? మొహం మీద కొట్టాల్సింది! సిగ్గు లేని జనం! వాళ్ళకి వండిన నా చేతుల్ని అనుకోవాలి!"

"అన్నం మీద ఎందుకు కోపం? రేపు పొద్దున్న మల్లయ్యకి ఇద్దాం. ఫ్రిజ్‌లో పెట్టు."

"మీకసలు కోపమే రాదా?"

అక్క నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రాకపోవడమేంటి సత్యా. చెవుల్లో మంట పుడుతోంది. కానీ ఇప్పుడు అరిస్తే పోతుంది. నాకిది వచ్చే ఏడాదిదాకా కావాలి."

అన్నంత పనీ చేసింది. ఆ ఏడాది పొడుగునా మా ఇంటికి మనవాళ్ళు ఎవరొచ్చినా కాఫీ ఇచ్చేది, భోజనం పెట్టేది, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక టిష్యూ ప్యాకెట్ చేతిలో పెట్టేది. "మీదే, తీసుకోండి." మొదట్లో నవ్వారు. తరువాత నవ్వలేదు. ఆ తరువాత రావడం మానేశారు. అక్కకి కావలసిన తీరిక దొరికింది. అప్పుడు మొదలుపెట్టింది అసలు పని. నన్ను వెంటబెట్టుకుని తలుపు తలుపూ తట్టింది. మనవాళ్ళు కాని తలుపులు. కొందరు కుక్కని చూపించి పంపించారు. ఒకాయన "నీకు చాలా ఖాళీ లా ఆంటీ" అని మొహం మీదే తలుపు వేశాడు. అక్క మళ్ళీ ఇంకో రోజు వెళ్ళి, లోపలికి రమ్మంటే చాలు, కూర్చునేది.

రెండో అంతస్తులో ఒక చీనా ముసలమ్మ ఉండేది. ఆమెను అందరూ పోపో అంటారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. ఇంగ్లీషు అంతగా రాదు. అక్క ఆమెతో మలయులో మాట్లాడింది. చేతులతో తాళం చూపించింది, మల్లయ్య పడిపోవడం చూపించింది. అక్క నాకు తరువాత చెప్పింది, పోపో అన్నది ఒకే మాటట: "నీళ్ళు కూడా ఇవ్వరా?" చిన్నప్పుడు కంపంలో, అంటే ఇక్కడి పల్లెలో, బావి దగ్గర వరుసలో నిలబడ్డ మనిషి ఆవిడ. ఆమెకు గారెలు పెట్టనక్కరలేకపోయింది.

రెండో ఏడాది సభ రోజు మేము వెళ్ళేసరికి పోపో అప్పటికే ముందు వరుసలో కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక ఆమె ఫోన్ చేసి పిలిచిన ముసలివాళ్ళు. అక్క గెలిచింది. ప్రసాద్ గారు వచ్చారు, ఎందుకు రారు? చప్పట్లు కొడుతుండగా వచ్చారు. అక్క పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. మన తెలుగువాళ్ళ విజయం అని అప్పటికప్పుడే గ్రూపులో పెట్టారు.

కౌన్సిల్లో కూర్చున్నాక కూడా తాళం వెంటనే ఊడలేదు. ప్రతి మీటింగులో అక్క అడిగేది, ప్రతిసారీ చూద్దాం అనేవారు. మధ్యాహ్నం టీ వేళ దాటినా లేచేది కాదట. చివరికి చైర్మనే విసిగి తాళంచెవి అక్క ముందు పడేశాడు. ఆ డబ్బా ఊడదీసిన రోజు మొదట తుప్పు నీళ్ళు వచ్చాయి. అక్క చేత్తో పట్టి, తేటబడేదాకా అలాగే నిలబడింది. కానీ మల్లయ్య ఆ నీళ్ళు తాగలేదు. అప్పటికే వాళ్ళ కంపెనీ అతన్ని ఊరి చివర తువాస్ వైపు పనికి మార్చేసింది. అక్క ఫోన్ చేసి చెబితే, "మంచిగైందమ్మా. నా కడుపుల సల్ల వడ్డది. ఎనకచ్చినోళ్ళన్న తాగనీ" అన్నాడట. ఎవరి కోసం తెరిపించిందో అతనికి అందలేదు. దీనికి ఎవరి మీద కోప్పడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క పోయి ఏడాది దాటింది. ఒంట్లో బాగోలేదని తెలిశాక కూడా మీటింగులు మానలేదు. సంతాప సభ అదే ఫంక్షన్ రూములో పెట్టారు. ప్రసాద్ గారు మైకు పట్టుకుని, "ఆ కొళాయి కోసం మేమందరం ఆంటీ వెనక నిలబడ్డాం" అన్నారు. నిలబడ్డారు, కాదనను. సముద్రం ఒడ్డున, చెట్ల నీడలో, పులిహోర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. నేను ఆరోజు అరవలేదు. నాకూ అది దాచుకోవడం వచ్చేసింది.

ఇప్పుడు నేను పోపో దగ్గర పనిచేస్తున్నాను. ఆమె ఇప్పుడు మంచం దిగలేకపోతోంది. మొన్న ఈ ఏడాది సభకి కాగితం వచ్చింది. చెత్త గది దగ్గర కొళాయి తీసేసి గోడకి అందంగా పలకలు వేద్దామని అందులో ఒక అంశం. పోపో మనవరాలి చేత చదివించుకుని, నా వైపు వేలు చూపించింది. ఇక్కడ యజమాని రాలేకపోతే తన బదులు ఇష్టమొచ్చిన వాళ్ళని పంపవచ్చు. ఇంటిపని చేసేవాళ్ళని పంపకూడదని ఎక్కడా లేదట. వంకర సంతకం పెట్టి ఇచ్చింది.

నేను అందరికంటే ముందు వెళ్ళాను. అందరికంటే ముందనుకున్నాను గానీ, ముందు వరుస నిండా అప్పటికే టిష్యూ ప్యాకెట్లు ఉన్నాయి. మాధవి గారు ఆఖరిది పెడుతున్నారు. నేను మధ్య కుర్చీ దగ్గర ఆగగానే, "సత్యా, అది చోప్ చేశాం. ప్రసాద్ పార్కింగ్ దగ్గరున్నారు, వచ్చేస్తున్నారు. నువ్వు వెనక కాఫీ దగ్గర చూసుకో" అన్నారు.

నాకు చెవుల్లో మంట పుట్టింది. కుర్చీ మీది ప్యాకెట్ తీసి రెండు చేతులతో ఆమె చేతిలో పెట్టాను.

"మీదే అండి, తీసుకోండి."

కూర్చున్నాను. అంచున కాదు, నిండా. వెనక మెల్లగా కర్రల చప్పుడు, ముసలివాళ్ళ దగ్గులు. పోపో కాగితం ఒళ్ళో పరుచుకున్నాను. అరగంట అయ్యాక మేనేజర్ పెన్ను పట్టుకుని వరుస వెంట వచ్చాడు. ప్యాకెట్లున్న కుర్చీలు దాటుకుంటూ నా ముందుకొచ్చి ఆగాడు. నా మొహం చూశాడు, కాగితం తీసుకుని చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. నేను లేవలేదు.

పెన్ను నా వైపు ఒకసారి వంచి, పెదవులతో ఒక అంకె అనుకుని, పక్క కుర్చీకి వెళ్ళాడు.